కొలబద్ద మొదట ఎవరికి?

ఒక సంస్థలో పని నాణ్యత తగ్గినప్పుడు దానిని సరిచేయవలసిన బాధ్యత నాయకునిదే. ఇందులో ఎవరికిని సందేహము లేదు. అయితే ఆ బాధ్యతను ఏ విధముగా నెరవేర్చవలెనను ప్రశ్న వచ్చినప్పుడు అభిప్రాయములు రెండుగా చీలిపోవును. పనివారిని గట్టిగా పట్టుకొననిదే పని జరుగదని కొందరందురు. చాలీచాలని జీతములతో కాలము గడుపుచున్న వారిని ఇంకను ఒత్తిడి చేయుట న్యాయము కాదని మరికొందరందురు. మొదటివారు తమ మార్గమునకు క్రమశిక్షణ యని పేరు పెట్టుదురు. రెండవవారు తమ మార్గమునకు కనికరమని పేరు పెట్టుదురు. ఆసుపత్రిలో గాని, పాఠశాలలో గాని, సంఘ కార్యాలయములో గాని, నలుగురు కూడి పనిచేయు ప్రతి చోటను ఈ వాదము వినబడుచునే యుండును.

ఈ రెండింటిలో ఏది మేలైనదో తేల్చుటకు ముందు వేరొక ప్రశ్న అడుగవలసియున్నది. పని చెడినప్పుడు ఆ నష్టమును భరించువాడెవడు?

నాయకుడును పనివాడును ఎదురెదురుగా కూర్చుండి మాటలాడుకొను గదిలో కంటికి కనబడని మూడవ వ్యక్తి యొకడు కలడు. ఆసుపత్రిలో అతడు రోగి. పాఠశాలలో అతడు విద్యార్థి. అనాథాశ్రమములో అతడు తల్లిదండ్రులు లేని పసివాడు. పరికరములను సరిగా శుద్ధి చేయనియెడల చీము పట్టునది నర్సు చేతికి కాదు, రోగి గాయమునకు. ఉపాధ్యాయుడు పాఠము సిద్ధపరచుకొనక తరగతికి వచ్చినయెడల పరీక్షలో తప్పునది అతడు కాదు, అతని నమ్మి కూర్చున్న పిల్లవాడు. గుమాస్తా ఒక విధవరాలి పింఛను కాగితమును బల్ల సొరుగులో వేసి మరచినయెడల ఆ నెల పొయ్యి వెలుగనిది గుమాస్తా యింట కాదు. తగ్గిన నాణ్యతకు ఎవరో ఒకరు వెల చెల్లించుచునే యున్నారు. వారు మాత్రము కమిటీలలో కూర్చుండరు, కూర్చున్నవారికి జాబులును వ్రాయరు.

ఈ మూడవ వ్యక్తిని జ్ఞాపకము చేసికొనినప్పుడు కనికరమను మాటకు అర్థము మారిపోవును. నిర్లక్ష్యమును చూచియు చూడనట్లు ఊరకుండు నాయకుడు తాను దయ చూపుచున్నానని తలంచును. నిజమునకు అతడు క్షమించుచున్న అప్పు అతనిది కాదు, రోగిది. అత్త సొమ్ము అల్లుడు దానము చేసినట్లు, రోగికి చెందవలసిన శ్రద్ధను అతడు పనివానికి ఉదారముగా పంచిపెట్టుచున్నాడు. ధనవంతుడైన రోగి ఈ ఆసుపత్రి బాగుగా లేనియెడల మరియొక ఆసుపత్రికి పోగలడు. బీదవానికి అట్టి వీలు లేదు. కావున తక్కువ నాణ్యతగల పని యొక్క భారము అందరికంటె బీదవానిమీదనే ఎక్కువగా పడును. ధర్మార్థము నడుపు సంస్థలో ఇంతకంటె ఏమి ఆశింపగలము అను మాట తరచుగా వినబడును. ఆ మాట వినుటకు వినయముగా నున్నను, బీదవానికి ఇంతమాత్రము చాలునను తీర్పు దానిలో దాగియున్నది.

అయినయెడల మొదటివారి మార్గమే సరియైనదా? పనివారిని భయపెట్టి, అంకెలు చూపుమని నిర్బంధించినయెడల ప్రమాణములు పెరుగునా? ఈ ప్రశ్నకు ఇటీవలి చరిత్ర తేటగా జవాబిచ్చుచున్నది. అమెరికాలోని మిక్కిలి పెద్ద బ్యాంకులలో వెల్స్ ఫార్గో ఒకటి. ప్రతి కుటుంబము చేతను ఖాతాలు, కార్డులు మొదలైన వాటిని కలిపి ఎనిమిది తీసికొనునట్లు చేయవలెనని దాని నాయకులు లక్ష్యము పెట్టుకొనిరి. శాఖలలో పనిచేయు చిన్న ఉద్యోగులపై దినదినము ఒత్తిడి వచ్చెను. లక్ష్యము చేరనివారికి ఉద్యోగభయము కలిగెను. తుదకు జరిగినదేమనగా, ఖాతాదారులకు తెలియకుండ, వారి అనుమతి లేకుండ ఉద్యోగులు వారి పేర ఖాతాలు తెరచిరి. అట్టివి సుమారు 20 లక్షలు ఉండవచ్చునని 2016లో బయటపడెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో 18 కోట్ల 50 లక్షల డాలర్ల జరిమానా పడెను. అప్పటికే కొన్ని సంవత్సరములలో సుమారు 5,300 మంది ఉద్యోగులను ఆ బ్యాంకు తొలగించియుండెను. అక్టోబరులో ముఖ్యాధికారియు పదవి విడిచెను.

అబద్ధమాడిన ఉద్యోగులు నిర్దోషులని చెప్పుటకు వీలు లేదు. అయితే ఇన్ని వేలమంది ఒకే తప్పు చేసినప్పుడు ఆ తప్పు వారి హృదయములలో మాత్రమే పుట్టినదనుట కష్టము. ఆ నాయకులు లక్ష్యమును ప్రమాణమని భ్రమపడిరి. ఈ రెండింటికి చాల భేదమున్నది. లక్ష్యము ఎంత అని అడుగును. ప్రమాణము ఎట్లు అని అడుగును. లక్ష్యమును కాగితముమీద చేరవచ్చును. ప్రమాణమును పనిలోనే చేరవలెను. భయము పనివానిచేత అంకెను పుట్టింపగలదు గాని శ్రద్ధను పుట్టింపలేదు. నిర్గమకాండములోని ఫరో ఇట్టి నాయకుడే. ఇటుకలకు గడ్డి ఇయ్యక, ఇటుకల లెక్క మాత్రము తగ్గరాదని ఆజ్ఞాపించెను. పనిముట్లు ఇయ్యక ఫలితము కోరుట ప్రమాణమును పెంచుట కాదు, దెబ్బలను పెంచుటయే.

ఈ విధముగా మెత్తని నాయకుడును కఠినుడైన నాయకుడును పైకి వేరువేరుగా కనబడినను ఒక విషయములో ఒక్కటే. ఇద్దరును నిజమును వినుటకు ఇష్టపడరు. మెత్తనివాడు నిజము వినినయెడల తాను ఏదైన చేయవలసి వచ్చునని వెరచును. కఠినుడు నిజము వినుటకు అవకాశమే లేకుండ చేసికొనును. అతని యెదుట చెడువార్త చెప్పుటకు ఎవడును సాహసింపడు. ప్రమాణములు పెరుగుటకు మొదటి మెట్టు ఇక్కడనే యున్నది. సంస్థలో జరుగుచున్నది జరుగుచున్నట్లుగా నాయకుని చెవిని పడవలెను. ఆ నిజము అతనికే అవమానకరమైనను అతడు దానిని కప్పిపుచ్చరాదు.

ఫ్లోరెన్స్ నైటింగేల్ జీవితములో ఈ సత్యము స్పష్టముగా కనబడును. క్రిమియా యుద్ధ కాలమున, 1854 నవంబరులో ఆమె 38 మంది స్త్రీలతో తుర్కీలోని స్కుటరీ సైనిక ఆసుపత్రికి చేరెను. చేత దీపము పట్టుకొని రాత్రివేళ రోగుల మధ్య తిరిగిన ఆమె చిత్రము అందరికిని తెలిసినదే. ఆమె అంత శ్రమపడినను ఆ చలికాలములో మరణములు ఆగలేదు. 1855 ఫిబ్రవరిలో అక్కడ మరణములు నూటికి నలువదికి మించెను. వారిలో అధికులు గాయములవలన గాక విరేచనములు, జ్వరములు మొదలైన వ్యాధులవలన చనిపోయిరి. మార్చిలో ఇంగ్లండు నుండి పారిశుద్ధ్య సంఘమువారు వచ్చి, ఆసుపత్రి క్రింద నిండిపోయిన మురుగుకాలువలను శుభ్రపరచి, గాలి ధారాళముగా వచ్చునట్లు చేసిరి. జూను నాటికి మరణములు నూటికి సుమారు రెండుకు తగ్గెను.

1856లో స్వదేశమునకు తిరిగి వచ్చినప్పుడు ప్రజలు ఆమెను వీరనారిగా కొనియాడిరి. ఆ పొగడ్తతో తృప్తిపడి కూర్చున్నను ఆమెను తప్పుపట్టువారు లేరు. అయితే ఆమె విలియం ఫార్ అను గణాంక శాస్త్రజ్ఞుని సహాయముతో మరణముల లెక్కలను ముందుంచుకొని పరిశీలించెను. నివారింపదగిన వ్యాధులే సైనికులను చంపినవని ఆ లెక్కలు చెప్పెను. తాను సేవచేసిన స్కుటరీ ఆసుపత్రి పరిస్థితి ఎంత ఘోరముగా నుండెనో కూడ అవే లెక్కలు బయలుపరచెను. ఆమె ఆ అంకెలను దాచలేదు. 1858లో వాటిని రంగుల పటములుగా గీయించి అధికారుల యెదుట ఉంచెను. 1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణాలయమును స్థాపించెను.

గమనింపదగిన సంగతి ఏమనగా, ఆమె ఆ లెక్కలతో ఒక దోషిని పట్టుకొని శిక్షింపజేసి ఊరకుండలేదు. మురుగుకాలువ ఎక్కడ నిండినదో, రోగుల మంచములు ఎంత దగ్గరగా నున్నవో, గాలి ఎందుకు రాలేదో తెలిసికొనుటకే వాటిని వాడెను. లెక్కలు రెండు విధములుగా ఉపయోగపడును. దోషిని వెదకుటకు వాడినయెడల మరుసటి నెలనుండి లెక్కలు అబద్ధమాడ మొదలుపెట్టును. దోషమును వెదకుటకు వాడినయెడల అవి సంస్థకు మనస్సాక్షివలె నుండును.

నిజము తెలిసిన తరువాత మరియొక ప్రశ్న వచ్చును. జరిగిన అపజయమును ఎవరు మోయవలెను? ఈ విషయమున తెలుగునేలమీద జరిగిన ఒక సంఘటన స్మరింపదగినది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుండి ఎస్.ఎల్.వి. 3 అను ఉపగ్రహ వాహనమును మొదటి పర్యాయము ప్రయోగించిరి. రెండవ దశను అదుపులో ఉంచవలసిన యంత్రాంగము చెడిపోయి రాకెట్టు బంగాళాఖాతములో పడిపోయెను. అనేక సంవత్సరముల శ్రమ కొన్ని నిమిషములలో సముద్రము పాలయ్యెను. ఆ పథకమునకు నిర్దేశకుడు ఎ.పి.జె. అబ్దుల్ కలాం. సంస్థకు అధ్యక్షుడు ఆచార్య సతీష్ ధావన్. ఆనాడు పత్రికలవారి యెదుటికి ధావన్ గారే వెళ్లి, బాధ్యత తనదని చెప్పి, తన సహచరులపై తనకు నమ్మకము కలదని ప్రకటించిరని కలాం గారు తరువాతి కాలములో అనేక పర్యాయములు చెప్పియున్నారు. 1980 జూలై 18న రెండవ ప్రయోగము జయప్రదమై రోహిణి ఉపగ్రహము కక్ష్యలో చేరినప్పుడు, పత్రికలవారితో మాటలాడుమని ధావన్ గారు కలాం గారినే పంపిరి.

ఈ వృత్తాంతమును చెప్పువారు నాయకుని పెద్దమనసును మెచ్చుకొని అంతటితో ఆపుదురు. అయితే ఆ రెండు తేదీల మధ్యనున్న పదునొకండు మాసములు కూడ జ్ఞాపకముంచుకొనదగినవే. నింద తనమీద వేసికొనుట వలన ధావన్ గారు ప్రమాణమును సడలింపలేదు. కొత్తవారము, ఇంతమట్టుకు వెళ్లుటయే గొప్ప అని ఎవరును సరిపెట్టుకొనలేదు. విఫలమునకు కారణమును అంచెలంచెలుగా వెదకిరి. రెండవ దశ అదుపునకు వాడు ఆమ్లము ముందుగానే కారిపోవుటయే కారణమని కనుగొనిరి. కనుగొనిన దానిని సరిచేసిరి. తన మెడకు ఉరి బిగియునేమో అను భయములో నున్నవాడు తన విభాగములోని లోపమును తానే వచ్చి చెప్పడు. నాయకుడు నిందను తాను మోసినప్పుడు క్రిందివారు లోపమును నిర్భయముగా బల్లమీద పెట్టగలుగుదురు. పనివానికి దయ, పనికి కఠిన పరీక్ష: ఈ రెండును ఒకే చోట ఉండగలవని ఆ పదునొకండు మాసములు నిరూపించుచున్నవి.

నాయకుడు ఇతరుల పనిని పరీక్షించుట ఒక యెత్తు. పైనుండి ఒక కొత్త కొలబద్ద వచ్చి తన సంస్థనే కొలిచినప్పుడు అతడు ఏమి చేయునన్నది మరియొక యెత్తు. వేలూరులో డాక్టరు ఐడా స్కడరు ఎదుర్కొనిన పరీక్ష ఇట్టిది. 1900లో ఆమె అక్కడ చిన్న వైద్యశాలగా పని ప్రారంభించెను. 1902లో 40 మంచముల ఆసుపత్రి వెలసెను. 1918లో స్త్రీల కొరకు వైద్య పాఠశాల తెరువబడెను. స్త్రీలు ఈ చదువులో నెగ్గరని అప్పటి పెద్దలలో అనేకుల అభిప్రాయము. ఆమె తన విద్యార్థినులకు సులభమైన పరీక్షను వేడుకొనలేదు. 1922లో మొదటి తరగతికి చెందిన 14 మంది పట్టము పొంది బయటికి వచ్చిరి.

ఇంతలో 1930వ దశకము చివరి భాగమున మద్రాసు ప్రభుత్వము వైద్యవిద్యా ప్రమాణములను పెంచెను. పాత డిప్లొమా చదువు చాలదనియు, విశ్వవిద్యాలయ పట్టమునకు తగిన కళాశాలలే నడువవలెననియు నిర్ణయించెను. వేలూరు పాఠశాలకు అంతమంది ఆచార్యులు లేరు, అన్ని ప్రయోగశాలలు లేవు, అంత ధనము లేదు. అది బీద స్త్రీల కొరకు మిషనులు నడుపుచున్న సంస్థ గనుక మినహాయింపు కోరుట సులభము. కోరినయెడల తప్పనువారును కొద్దిమందియే యుందురు. కాని ఐడా స్కడరు డెబ్బదియేండ్ల ప్రాయములో అమెరికాకు వెళ్లి, యుద్ధకాలమంతయు ఊరూర తిరిగి ఆ కొత్త ప్రమాణమునకు కావలసిన ధనమును సమకూర్చెను. 1942లో ఆ సంస్థ ఎం.బి.బి.ఎస్. కళాశాలగా గుర్తింపు పొందెను. 1947లో పురుషులకును ప్రవేశము కలిగెను. ఈనాడు చిత్తూరు, నెల్లూరు, రాయలసీమ ప్రాంతములనుండి రైలెక్కి వేలూరు చేరు తెలుగు కుటుంబములు ఆనాడు మినహాయింపు కోరకపోవుట వలన కలిగిన ఫలమును అనుభవించుచున్నవి.

ఈ మూడు వృత్తాంతములను కలిపి చూచినప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు దొరకును. ప్రమాణము పెంచుట కఠినత్వమా, కనికరమా అన్నది కొలబద్దను ఎవరిమీద మొదట పెట్టుచున్నారన్న దానిని బట్టియుండును. ఇతరుల భుజములమీద బరువులు కట్టి, తాము వ్రేలితోనైనను వాటిని తాకనివారిని గూర్చి సువార్తలో తీవ్రమైన గద్దింపు కలదు. ఆ బరువులు తప్పని ప్రభువు అనలేదు. మోయించువారు మోయకపోవుటనే తప్పుపట్టెను. పది గంటలకు వచ్చు నాయకుడు తొమ్మిది గంటల హాజరు పట్టీని గూర్చి ఉపన్యసించినయెడల వినువారు తలలు వంచుదురు గాని మనసులు వంచరు. తన ఖర్చుల లెక్కను ముందుగా బల్లమీద పెట్టినవాడు గుమాస్తా లెక్కను అడిగినప్పుడు ఎవరికిని కోపము రాదు.

అయినను ఒక కష్టమైన ప్రశ్న మిగిలియున్నది. నాయకుడు తన వంతు అంతయు చేసినను, నేర్పినను, పనిముట్లు ఇచ్చినను, ఓపిక పట్టినను పని మార్చుకొననివాని సంగతి ఏమి? ఇక్కడ రెండు రకములవారిని వేరుగా చూడవలెను. చేతకానివాడు వేరు, చేయనొల్లనివాడు వేరు. చేతకానివానికి శిక్షణ కావలెను. శిక్షణకును లొంగనియెడల అతని శక్తికి తగిన మరియొక పని కావలెను. చేయనొల్లనివానికి స్పష్టమైన హెచ్చరికయు, మారుటకు న్యాయమైన గడువును కావలెను. ఆ గడువు తీరిన తరువాత కూడ అతనిని అదే చోట ఉంచుట మాత్రము రోగికిని, విద్యార్థికిని ద్రోహము. అతనికి కుటుంబమున్నది నిజమే. వార్డులో పండుకొనియున్నవానికిని కుటుంబమున్నది. తొలగింపవలసి వచ్చినప్పుడు అతనికి చెందవలసిన జీతమును, మర్యాదను పూర్తిగా ఇచ్చుట కనికరము. అతని నిర్లక్ష్యము యొక్క వెలను ఇతరులచేత చెల్లింపజేయుట కనికరము కాదు.

జీతముల విషయము కూడ దాటవేయదగినది కాదు. ఎక్కువ శ్రద్ధ కోరు నాయకుడు తక్కువ జీతమును త్యాగమని పేరుపెట్టి మరుగుపరచరాదు. త్యాగము ఒకడు తనంతట తాను అర్పించునది; మరియొకని జేబునుండి తీసికొనునది త్యాగము కాదు. సకాలములో జీతము ఇయ్యని సంస్థకు సకాలములో పని కోరు నైతికాధికారము సగము పోయినట్లే.

యెరూషలేము గోడ కట్టించిన నెహెమ్యా ఈ విషయములన్నిటిలోను మంచి మాదిరి. అతడు పని ప్రారంభించుటకు ముందు రాత్రివేళ కొద్దిమందితో తిరిగి, గోడ ఎక్కడెక్కడ పడిపోయినదో తన కన్నులతో చూచెను. అనేకులకు వారి వారి యిండ్ల యెదుటి భాగమునే అప్పగించెను. తన యింటి ముందు గోడను నిర్లక్ష్యముగా కట్టువాడెవడు? బీదలు అప్పులక్రింద నలుగుచున్నారని మొర వచ్చినప్పుడు గోడ పని చాటున దానిని త్రోసివేయలేదు. అధిపతిగా తనకు రావలసిన భోజనపు భాగమును పండ్రెండు సంవత్సరములు తీసికొనలేదు. అతడును అతని పనివారును ఆ గోడ పనిలోనే నిలిచిరి. 52 దినములలో గోడ పూర్తియాయెను.

కాబట్టి తన సంస్థలో పని మెరుగుపడవలెనని కోరు నాయకుడు సర్క్యులరు వ్రాయించుటకు ముందు కొన్ని ప్రశ్నలను తనకు తాను వేసికొనుట మంచిది. ఈ పని చెడినయెడల బాధపడువాని ముఖమును కడపట ఎప్పుడు చూచితిని? గత మాసములో ఎవడైన ధైర్యముగా వచ్చి నాకు చెడువార్త చెప్పెనా? చెప్పనియెడల, చెడువార్తలు లేనందువలననా, నేను ఉన్నందువలననా? అడుగుచున్న పనికి కావలసిన గడ్డిని ఇచ్చితినా, ఇటుకలను మాత్రమే లెక్కించుచున్నానా? ఈ ప్రశ్నలకు జవాబు వ్రాసికొనినవాడు కొలబద్దను చేతపట్టి బయటికి వచ్చినప్పుడు దానిని చూచి పనివారు పారిపోరు. అది ఇంతకుముందే ఒకనిని కొలిచి వచ్చినదని వారికి తెలియును.